అమ్మ రొట్టె మొక్కు తీర్చాలి, దర్గాలో ఎలా మసలుకోవాలో చెప్పండి

పెన్నా ఒడ్డు, ఆదివారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది ఒంగోలు. నేనుండేది హైదరాబాద్‌లో. మా వదినకు పెళ్లయి ఏడేళ్లయినా పిల్లలు లేరు. కిందటేడు మా వీధిలో ఉండే ఖాలా, మా అమ్మను నెల్లూరు రొట్టెల పండుగకు తీసుకెళ్లింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమెను మేం ఖాలా (ఉర్దూలో పిన్ని) అనే పిలుస్తాం. చెరువులో నిలబడి, ముక్కూ మొహం తెలియని ఒకావిడ చేతి నుంచి అమ్మ సంతాన రొట్టె తీసుకుంది. ఈ ఏప్రిల్లో అన్నయ్యకు కూతురు పుట్టింది. డాక్టరు దగ్గర మందులూ వాడారు, ఆ సంగతి దాచను. కానీ కోరిక తీరితే మరుసటి ఏడు అదే రొట్టె చేసుకెళ్లి ఇంకొకరికి ఇవ్వాలి కదా. అమ్మ పాప బారసాల రోజు నుంచే ఆ మాట అంటోంది.

చిక్కేమిటంటే, ఖాలాకు మోకాలి ఆపరేషన్ అయింది, మంచం దిగడం లేదు. అమ్మను నేనే తీసుకెళ్లాలి. నేను ఇంతవరకు దర్గా గుమ్మం తొక్కలేదు. ఎక్కడ ఏం తప్పు చేస్తానో అని టెన్షన్. పైగా అన్నయ్య "ఆ రొట్టెలేవో ఇక్కడే పేదవాళ్లకు పెట్టేసి గుడిలో అర్చన చేయిద్దాం" అంటున్నాడు. అమ్మ ససేమిరా అంటోంది. "మాటిచ్చింది అక్కడ, తీర్చాల్సిందీ అక్కడే."

మా ఎనిమిదేళ్ల వాడు "అమ్మమ్మా, అక్కడుండేది మన దేవుడేనా?" అని అడిగాడు. "నాకు రొట్టె ఇచ్చినావిడ ఆ మాట అడగలేదు నాన్నా" అంది అమ్మ.

అక్కడి పద్ధతులు తెలిసినవాళ్లు చెప్పండి. ఇలా అన్ని మతాలవాళ్లూ వెళ్లే చోట్లు మీకు తెలిసినవి ఉంటే అవి కూడా రాయండి. వాడికి చెప్పాలని ఉంది.

స్వర్ణాల గట్టు, ఆదివారం రాత్రి 11:02

అక్కా, ముందు అమ్మగారికి నా సలాం, పాపకు దీవెనలు.

నేను నెల్లూరులోనే పుట్టి పెరిగాను. పదిహేనేళ్లుగా పండుగకు వాలంటీరుగా నిలబడుతున్నాను. మీరు భయపడాల్సింది ఏమీ లేదు.

రొట్టె అంటే మామూలు గోధుమ చపాతీనే. స్నానం చేసి, శుభ్రంగా ఇంట్లో చేసుకోండి. కొందరు మధ్యలో బెల్లం పెట్టి మడుస్తారు. ప్లాస్టిక్ కవర్లో మాత్రం తేకండి, చెమటపట్టి జిగురుగా అయిపోతుంది. తెల్లటి నూలు గుడ్డలో చుట్టండి. గట్టు మీద రొట్టెలు అమ్మేవాళ్లు కనిపిస్తారు గానీ ఇంటి నుంచి తెచ్చుకున్నదే మంచిదని మా పెద్దవాళ్ల మాట.

దర్గా లోపల పన్నెండుమంది షహీదుల (వీరమరణం పొందినవాళ్ల) సమాధులుంటాయి. బారా షహీద్ అంటే అదే. తల మీద కొంగు కప్పుకోండి, బాబుకు ఒక చేతిరుమాలు కట్టండి, చెప్పులు బయట వదలండి. మీకు తెలిసినట్టే దండం పెట్టుకోండి. చేతులు జోడించినా ఎవరూ ఏమీ అనరు, మాలాగా దోసిలి పట్టినా ఏమీ అనరు.

తర్వాత చెరువు. నీళ్లలో బోర్డులు పెట్టి ఉంటాయి: చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇంటి రొట్టె, విదేశీ రొట్టె... మీరు సంతాన రొట్టె దగ్గరకు వెళ్లి పేరు పెట్టి పిలవండి, కావలసినవాళ్లు మీ దగ్గరికే వస్తారు. ఇచ్చేటప్పుడు పాప పుట్టిందని చెప్పండి. తీసుకునేవాళ్లు వినాలనుకునేది అదే.

పిల్లవాడి చేయి మాత్రం వదలకండి. మూడో రోజు జనం లక్షల్లో ఉంటారు. గంధం ఊరేగింపు వచ్చే రాత్రి ఇంకా తోపులాట. మీరు ఉదయం ఏడుకల్లా వచ్చేయండి.

కథ అడుగుతారేమో అని రాస్తున్నాను. మా నానమ్మ చెప్పేది ఇదీ: గండవరం దగ్గర జరిగిన యుద్ధంలో పన్నెండుమంది వీరులు తలలు తెగి పడితే, గుర్రాలు వాళ్ల మొండేలను స్వర్ణాల చెరువు గట్టు దాకా మోసుకొచ్చాయి. ఎన్నో ఏళ్ల తర్వాత చెరువులో బట్టలుతికే చాకలి దంపతులు పొద్దుపోయి ఆ గట్టు మీదే నిద్రపోయారు. ఆర్కాట్ నవాబు భార్యకు జబ్బు చేసిందనీ, ఈ సమాధుల మట్టి నుదుట పెడితే నయమవుతుందనీ ఆ వీరులు చాకలి ఆమెకు కలలో చెప్పారు. నయమైంది. నవాబు దంపతులు ఇక్కడికొచ్చి మొక్కు తీర్చుకుని, రొట్టెలు పంచారు. మా నానమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా "కల నవాబుకు రాలేదు, చాకలమ్మకు వచ్చింది" అని తప్పకుండా అనేది.

సీమ రాళ్లు, సోమవారం ఉదయం 6:40

అక్కా, మాది అనంతపురం జిల్లా నార్పల పక్కన. గూగూడు కుళ్లాయస్వామి గురించి మీ వాడికి చెప్పండి. మొహర్రానికి పీర్లను (షహీదుల గుర్తుగా నిలిపే పంజాలను) లేపుతారు, అగ్నిగుండం తొక్కుతారు, చక్కెర చదివింపులు చేస్తారు. పక్కనే ఆంజనేయస్వామి గుడి. జనం ఇక్కడ మొక్కి అక్కడా మొక్కి ఇంటికి పోతారు. ఏది ముందు ఏది తర్వాత అని మా ఊళ్లో ఎవరూ లెక్క పెట్టుకోరు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా క్లాసులో ముగ్గురు కుళ్లాయప్పలు. ఇద్దరు హిందువుల పిల్లలు, ఒకడు ముస్లింల పిల్లాడు. ముగ్గురూ మొక్కు మీద పుట్టినవాళ్లే. పేరు చూసి ఏ ఇంటివాడో చెప్పలేరు మా దగ్గర. కదిరి, పెనుకొండ వైపు ఫకీరప్పలు కూడా అంతే. పెనుకొండ బాబయ్య దర్గాకు మా అమ్మ ప్రతి ఏటా పోతుంది.

సూటి మాట, సోమవారం ఉదయం 9:20

నాకు ఎవరి మీదా ద్వేషం లేదని ముందే చెప్తున్నాను. కానీ ఒక మాట అడగాలి. దర్గాలకు హిందువులు వెళ్తారు, గుణదలకు వెళ్తారు, షిర్డీ సంగతి చెప్పక్కర్లేదు. మరి అటు నుంచి ఇటు ఎంతమంది వస్తారు? ఒక వైపు మాత్రమే నడిచే దారిని కలిసిమెలిసి ఉండటం అంటారా? నా అనుభవం కూడా ఒకటుంది. మా ఆఫీసులో సత్యనారాయణ వ్రతం ప్రసాదం తీసుకెళ్లి ఇస్తే ఒక కొలీగ్ చేయి వెనక్కి తీసుకున్నాడు. పదేళ్ల స్నేహం. ఆ రోజు ఇంటికెళ్లి నాకు అన్నం సయించలేదు. కాబట్టి అక్కా, మీ అన్నయ్య అన్నదాన్ని చెడ్డమాటగా తీసుకోకండి. ఆయన మనసులో కూడా ఇలాంటిదేదో ఉండి ఉంటుంది.

దేవుని గడప, సోమవారం ఉదయం 10:05

సూటి మాట గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. ఒక ఉగాది రోజు తెల్లవారుజామున మా కడపకు రండి, నేను దగ్గరుండి చూపిస్తాను.

దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి. తిరుమలకు తొలి గడప అంటారు, అన్నమయ్య కీర్తనల్లోనూ ఈ స్వామి ఉన్నాడు. ఉగాది రోజు అక్కడ వరుసలో బురఖాలు వేసుకున్న ఆడవాళ్లు, టోపీలు పెట్టుకున్న పెద్దవాళ్లు, చంకన పిల్లలతో కొత్త దంపతులు కనిపిస్తారు. కొబ్బరికాయ కొడతారు, హారతి కళ్లకద్దుకుంటారు, తీర్థం తీసుకుంటారు. ఎందుకంటే బీబీ నాంచారమ్మ వాళ్ల ఆడపిల్ల, స్వామి వాళ్లింటి అల్లుడు. పండగపూట అల్లుణ్ని చూడ్డానికి ఎవరైనా పిలుపు కోసం ఆగుతారా? మా పక్కింటి మామ్మ అక్షరాలా ఈ మాటే అంటుంది. ఆమె ఐదు పూటలా నమాజు చదువుతుంది.

అదే ఊళ్లో పెద్దదర్గా ఉంది, అమీన్ పీర్ దర్గా. ఏ.ఆర్. రెహమాన్ వస్తాడని పేపర్లలో రాస్తారు గానీ, గురువారం సాయంత్రం వెళ్తే అక్కడ వరుసలో సగం మంది బొట్టు పెట్టుకున్నవాళ్లే. పిల్లలకు గాలి సోకిందని, భయపడ్డారని తెచ్చి ఊదు పొగ పట్టించుకుని వెళ్తారు. కడపలో పెరిగినవాళ్లకు రెండు దారులూ తెలుసు. బయటివాళ్లకే ఒకటి కనిపిస్తుంది, ఒకటి కనిపించదు.

ప్రసాదం సంగతి నాకూ బాధగానే ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

గోదారి విశ్వాసి, సోమవారం మధ్యాహ్నం 1:30

ఆ చేయి వెనక్కి తీసుకున్న కొలీగ్‌ని నేనూ అయి ఉండొచ్చు. మీ ఆఫీసు కాదు గానీ, నేనూ అదే పని చేశాను. అందుకే రాస్తున్నాను.

మేం రాజమండ్రిలో ప్రొటెస్టెంట్ విశ్వాసులం. విగ్రహానికి పెట్టిన నైవేద్యం తినకూడదని చిన్నప్పటి నుంచి నేర్పారు, నేను దాన్ని మనసా నమ్ముతాను. ఇచ్చినవాళ్లను తక్కువ చేయాలని కాదండీ. నా స్నేహితుడి ఇంట్లో పెళ్లికి మూడు రోజులు వంటశాలలోనే ఉన్నాను, వడ్డించాను, వాళ్ల నాన్నగారు పోయినప్పుడు పాడె మోశాను. ప్రసాదం దగ్గర మాత్రం ఆగిపోతాను. నోటితో చెప్పాల్సింది, చేయి వెనక్కి తీసుకోవడం నా తప్పు. ఇప్పుడైతే రెండు చేతులతో తీసుకుని, పక్కవాళ్లకు అందిస్తాను. "నేను తినను గానీ మీ సంతోషంలో నేనూ ఉన్నాను" అని చెప్తాను. మీ స్నేహితుణ్ని ఒకసారి అడిగి చూడండి అన్నా. ఆయనా ఆ రోజు అన్నం తిని ఉండడు.

సూటి మాట, సోమవారం మధ్యాహ్నం 2:10

ఈ కోణం నాకు తట్టలేదు. ఆలోచిస్తాను.

కొండ కింద ఇల్లు, సోమవారం సాయంత్రం 5:45

మాది విజయవాడ గుణదల. మేం కథోలికులం. మరియమాత కొండ కిందే మా ఇల్లు, కాబట్టి ఫిబ్రవరి వస్తే మా గుమ్మమే ఒక చలివేంద్రం.

1924లో ఫాదర్ ఆర్లాటి అనే ఇటలీ గురువు కొండ గుహలో మాత విగ్రహం పెట్టారు. ఫ్రాన్సులో లూర్దు దగ్గర 1858 ఫిబ్రవరి 11న మాత దర్శనమిచ్చిందన్న నమ్మకంతో 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లు జరుగుతాయి. వచ్చేవాళ్లలో మావాళ్లెంతమందో, కానివాళ్లు ఎంతమందో ఎవరూ లెక్క తీయలేరు. ఆడవాళ్లు పసుపు రాసుకున్న కాళ్లతో, తలలో పూలతో, చేతిలో కొబ్బరికాయ, కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కుతారు. తలనీలాలిస్తారు. కొబ్బరికాయ, గుండు మాకు ఏ విదేశీ గురువులూ నేర్పలేదు. వచ్చిన జనం తమ చేతుల్లో ఉన్న భక్తినే తెచ్చి పెట్టారు, కొండ దాన్ని ఉంచుకుంది.

నాకు మరిచిపోలేనిది ఒకటుంది. నాలుగేళ్ల కిందట ఒక ముసలాయన మా అరుగు మీద కూర్చుని కొవ్వొత్తి వెలిగించుకోవడానికి అగ్గిపెట్టె అడిగాడు. నుదుట నామాలు. ఊరు తిరువూరు అవతల. భార్య పోయిందట. "ఆమె ఏటా వచ్చేదమ్మా, నేనెప్పుడూ రాలేదు. ఆమె చెయ్యాల్సిన కొవ్వొత్తి ఒకటి బాకీ ఉంది" అన్నాడు. కొండెక్కలేకపోయాడు. మా అబ్బాయి ఆ కొవ్వొత్తి తీసుకెళ్లి పైన పెట్టి, ఫోన్లో ఫోటో తీసుకొచ్చి చూపించాడు. ఆయన ఆ ఫోన్‌ని చాలాసేపు చేతిలోనే పెట్టుకున్నాడు.

మీ వాడికి మెదక్ చర్చి కూడా చూపించండి, హైదరాబాద్ నుంచి దగ్గరే. 1924 క్రిస్మస్ రోజు ప్రారంభించారు. కరువు రోజుల్లో పోస్నెట్ దొర పని కల్పించి అన్నం పెట్టి కట్టించాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. క్రిస్మస్‌కు వచ్చే జనంలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు.

మానేరు నీళ్లు, సోమవారం రాత్రి 8:30

నేను కరీంనగర్ వైపు. మా పక్క పీర్ల పండుగ అంటే ఊరి పండుగే. మా ఊళ్లో ముస్లింల ఇళ్లు నాలుగు కూడా లేవు, అయినా పీరీలు లేవని సంవత్సరం లేదు. అలావా (నిప్పుల గుండం) గుంత తవ్వేది ఒకరు, కట్టెలు తెచ్చేది ఒకరు, పీరీలకు దట్టీలు (గుడ్డలు) కట్టేది ఒకరు. మలీదా మా ఇంట్లోనే చేస్తరు. రొట్టెలు నలిపి, బెల్లం కలిపి, మా అమ్మ చేతికి నెయ్యి వాసన మూడు రోజులు పోదు.

ఒక మాట చెప్పాలె. మా తాత దళితుడు. ఊరి గుడి మెట్లు ఎక్కనియ్యని రోజులు అవి. నేను ఆ ఊరి పేరు చెప్పను. కానీ పీర్ల సావడిలో మా తాత పీరు ఎత్తుకునేవాడు. పీరు ఎత్తుకున్నవాని కాళ్లకు ఊరంతా బిందెలతో నీళ్లు పోస్తది. పటేలు ఇంటోళ్లు కూడా పోసిన్రు. మా తాత బతికున్నన్ని రోజులు ఆ నీళ్ల ముచ్చటే చెప్పేవాడు. "నా కాళ్ల మీద నీళ్లు పడ్డయి బిడ్డా" అని. ఏ మతం ఎవరిని రానిచ్చిందని మాట్లాడేటప్పుడు, సొంత మతంలోనే ఎవరిని రానియ్యలేదో అది కూడా మాట్లాడాలె. లేకుంటే ముచ్చట సగమే అయితది.

వేములవాడ రాజన్న గుడి మాత్రం నాకు చాలా ఇష్టం. కోడెమొక్కు కట్టి వస్తుంటే ఆ ప్రాంగణంలోనే దర్గా ఉంటది. శివుడి దగ్గర దండం పెట్టి, దర్గా దగ్గర కూడా మొక్కి పోయేటోళ్లు ఎందరో.

పెన్నా ఒడ్డు, సోమవారం రాత్రి 9:15

మానేరు నీళ్లు గారూ, మీ తాతగారి మాట అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా ఊళ్లోనూ అంతే ఉండేది, మేము మెట్ల మీద ఉన్నవాళ్లం" అంది. ఆమె నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు.

స్వర్ణాల గట్టు తమ్ముడూ, ఒక సందేహం. దర్గాల దగ్గర కోరుకోవడం ఇస్లాంలో కూడా అందరూ ఒప్పుకోరని ఎక్కడో చదివాను. మేం రావడం మీవాళ్లలో ఎవరికైనా కష్టంగా ఉంటుందా? నిజం చెప్పండి.

స్వర్ణాల గట్టు, సోమవారం రాత్రి 10:40

నిజమే చెప్తాను అక్కా. మా ఇంట్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. మా నాన్న దర్గాకు పోని గురువారం ఉండదు. మా తమ్ముడు మాత్రం అడగాల్సింది అల్లాను ఒక్కడినే అంటాడు, రొట్టె చేతికి కూడా తీసుకోడు. చదువుకుని, ఆలోచించి ఆ దారి పట్టాడు. వాణ్ని మేం తప్పు పట్టం.

అయినా పండుగ రోజుల్లో వాడు నాతోపాటే మంచినీళ్ల డ్రమ్ముల దగ్గర నిలబడతాడు. పోయిన ఏడు ఎండలో ఒక పెద్దావిడ కళ్లు తిరిగి పడిపోతే, ఎత్తుకుని మెడికల్ క్యాంపు దాకా పరుగెత్తింది వాడే. ఒకసారి అడిగాను, నీకు నమ్మకం లేని పండుగలో నీకేం పని అని. "ఎంత దూరం నుంచో ఎండలో వచ్చారు కదన్నా" అన్నాడు. అంతే.

కాబట్టి మీరు రండి. మీ అన్నయ్యను కూడా తీసుకురండి. చెరువులో దిగమని ఎవరూ బలవంతం చేయరు, గట్టు మీద కూర్చున్నా సరే.

బడి పంతులు, మంగళవారం ఉదయం 7:00

చర్చ చదువుతుంటే నాకూ రాయాలనిపించింది. నేను కాకినాడలో రిటైర్డ్ టీచర్ని. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఊరు, బ్రహ్మసమాజ మందిరం ఉన్న ఊరు. మా నాన్న ఆ కబుర్లు చెప్తూ పెంచారు. అందుకే రిటైరయ్యాక ఎనిమిదిమందిమి కలిసి నెలకో ఆదివారం సర్వమత ప్రార్థన మొదలుపెట్టాం.

చెప్పినంత సులువు కాదండీ. మొదట్లో ఒకరు భగవద్గీత, ఒకరు ఖురాన్, ఒకరు బైబిలు చదివేవారు. చదువుతున్నంతసేపూ మిగతావాళ్లు తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్లు. మా నాలుగో సమావేశానికి హాలు ఇస్తామన్నవాళ్లు, అక్కడ ఖురాన్ కూడా చదువుతారని తెలిశాక తాళం చెవి ఇవ్వలేదు. "అదొక్కటి ఆపితే ఇస్తాం" అన్నారు. మాలో ఇద్దరు సర్దుకుపోదామన్నారు. అప్పుడు నాకు గాంధీగారు గుర్తొచ్చారు. 1947 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఆయన ప్రార్థన సభలో ఖురాన్ చదవడానికి కొందరు అడ్డు చెప్పారు. దాన్ని తీసేసి మిగతాది కానిద్దామని ఆయన అనలేదు, ప్రార్థన మొత్తం ఆపేశారు. మేమూ ఆ నెల సమావేశం మానుకున్నాం. తర్వాత మా ఇంటి డాబా మీద పెట్టుకున్నాం.

ఇప్పుడు చదవడం తగ్గించాం. అరగంట అందరం మౌనంగా కూర్చుంటాం, తర్వాత ప్రభుత్వాసుపత్రి దగ్గర రోగుల బంధువులకు అన్నం పెడతాం. పప్పు, అన్నం, ఒక కూర. అందులో మా ముస్లిం మిత్రుడు వండిన వంకాయ కూరకు గిరాకీ ఎక్కువ. కలిసి కూరగాయలు తరుగుతున్నప్పుడు మేం మాట్లాడుకున్నన్ని మాటలు గ్రంథాలు చదువుకున్నప్పుడు మాట్లాడుకోలేదు. ఎవరి నైవేద్యం ఎవరు తింటారు, ఎవరు తినరు అన్నది కూడా అక్కడే తేలిపోయింది. గోదారి విశ్వాసి బాబు రాసినట్టే మాలోనూ ఒకరున్నారు. ఆయన్ని ఎవరం బలవంతపెట్టం. ప్రసాదం గిన్నె మాత్రం ప్రతిసారీ ఆయనే కడుగుతారు.

ఐదో మైలు స్వామి, మంగళవారం ఉదయం 8:15

పంతులు గారికి పాదాభివందనం.

నేను పదకొండుసార్లు మాల వేసుకున్నాను. శబరిమల పోయే దారిలో ఎరుమేలిలో వావరు స్వామి మసీదు ఉంది. నల్లబట్టల్లో, ఇరుముడితో వచ్చినవాళ్లు ముందు ఆ మసీదుకు ప్రదక్షిణ చేసి పేట తుళ్లుతారు, అంటే చిందులేస్తారు. అయ్యప్పకు వావరు స్నేహితుడు, స్నేహితుణ్ని పలకరించకుండా కొండెక్కకూడదు అని మా గురుస్వామి చెప్పేవారు. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు మసీదులో అడుగు పెట్టొచ్చో లేదో అని భయం. ఒక పెద్దాయన విభూతి చేతిలో పెట్టి, మిరియాలు కూడా ఇచ్చాడు. తిరుగు ప్రయాణంలో కొందరు అర్తుంకల్ చర్చి దగ్గర మాల తీస్తారు. మన తెలుగు స్వాములు వేలాదిమంది ఏటా ఈ పని చేస్తున్నారు. ఊరికొచ్చాక మాత్రం మనం అది మర్చిపోతాం.

హ్యూస్టన్ నుంచి, మంగళవారం రాత్రి 11:50

నేను గట్టు మీద ఉన్న తమ్ముడికి థాంక్స్ చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట మా అత్తగారు నా కోసం విదేశీ రొట్టె తీసుకున్నారు. వీసా వచ్చాక ఆమే వెళ్లి రొట్టె ఇచ్చి వచ్చారు. నేను ఆ చెరువు ఇంతవరకు చూడలేదు.

ఇక్కడ మా ఊళ్లో రోత్కో చాపెల్ అని ఒకటుంది. 1971లో మొదలైంది. ఏ మతానికీ చెందింది కాదు. ఎనిమిది గోడల గది, చుట్టూ 14 పెద్ద పెద్ద ముదురు రంగు చిత్రాలు. నల్లగా కనిపిస్తాయి, చూడగా చూడగా ఊదారంగు తేలుతుంది. దేవుడి బొమ్మ లేదు, గంట లేదు. బెంచీలున్నాయి. అంతే.

మా నాన్న పోయిన రోజు నాకు టికెట్ దొరకలేదు. మరుసటి రాత్రి దాకా విమానం లేదు. ఇంట్లో ఉండలేక కారు తీసి, ఎక్కడికి వెళ్లాలో తెలియక అక్కడికెళ్లాను. గుడికి వెళ్లకూడదు కదా, మైల. ఆ గదికి మైల లేదు. రెండు గంటలు కూర్చున్నాను. ఎదురుగా ఒక ముసలావిడ జపమాల తిప్పుకుంటోంది, ఒక కుర్రాడు నేల మీద బాసింపట్టు వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఎవరూ నన్ను పలకరించలేదు. అది నాకు ఆ రోజు కావలసిందే. కానీ బయటికొచ్చి కారులో కూర్చున్నాక అర్థమైంది, ఎవరైనా వచ్చి చేతిలో ఒక రొట్టె ముక్క పెట్టి ఉంటే బాగుండేదని కూడా నాకు అనిపించింది. రెండూ నిజమే.

పెన్నా ఒడ్డు, బుధవారం ఉదయం 6:20

మీ అందరికీ ఏమని చెప్పను. పిల్లాడు "అన్ని చోట్లకూ వెళ్దాం" అంటున్నాడు. అన్నయ్యకు ఈ చర్చ లింకు పంపాను. చదివాడని నీలి టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మేం బయల్దేరుతున్నాం. వెళ్లొచ్చి రాస్తాను.

సూటి మాట, శుక్రవారం సాయంత్రం 6:30

నా కొలీగ్‌తో మాట్లాడాను. క్యాంటీన్లో టీ తాగుతూ. అతను కూడా మూడేళ్లుగా ఆ సంగతి మనసులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇంతకంటే ఇక్కడ రాయలేను. గోదారి విశ్వాసి తమ్ముడూ, థాంక్స్.

పెన్నా ఒడ్డు, మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:00

ఆలస్యమైంది, క్షమించండి.

ఉదయం మూడింటికి లేచి అమ్మే పిండి కలిపింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. పదకొండు రొట్టెలు, తెల్లగుడ్డలో చుట్టింది. సగం బెల్లం పెట్టి, సగం ఉత్తవి. కారు నడిపింది అన్నయ్యే. నేను పిలవలేదు, రాత్రే తాళం తీసుకుని "ఎన్నింటికి బయల్దేరాలి" అన్నాడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

దర్గాలో అమ్మ తల మీద కొంగు కప్పుకుని చేతులు జోడించింది. మా వాడు పక్కన ఒక పిల్లాణ్ని చూసి దోసిలి పట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు, గట్టు తమ్ముడు చెప్పినట్టే.

చెరువులో నీళ్లు మోకాళ్ల లోతు. బురద. అమ్మ "సంతాన రొట్టె" అని పిలవడానికి మొదట సిగ్గుపడింది, గొంతు పెగల్లేదు. మూడోసారికి వచ్చింది. నలుగురైదుగురు ఒక్కసారి చుట్టుముట్టారు. రొట్టెలన్నీ నిమిషాల్లో అయిపోయాయి, చివరిది మిగిలింది. అప్పుడొచ్చింది ఒకమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, వెంట వాళ్లమ్మ. తమిళం తప్ప ఇంకో మాట రాదు. ఏ రొట్టె అని సైగతో అడిగింది. అమ్మ రెండు చేతులూ ఉయ్యాల ఊపినట్టు ఊపింది. ఆ అమ్మాయి గబుక్కున కొంగు పట్టింది.

అమ్మ రొట్టె తుంచి ఇస్తూ గట్టు వైపు తిరిగి "ఒరేయ్, పాప ఫోటో చూపించరా" అని కేకేసింది. అన్నయ్య అప్పటిదాకా గట్టు మీద మా చెప్పులకు కాపలా కూర్చున్నాడు. లేచాడు. ప్యాంటు మడవకుండానే, ఫోన్ పైకెత్తి పట్టుకుని నీళ్లలోకి వచ్చేశాడు. ఆ అమ్మాయి తడిచేయి చీరకు తుడుచుకుని, ఫోన్లో పాప బుగ్గ ముట్టుకుని, ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. అన్నయ్య ఏమనుకున్నాడో ఏమో, ఇంకో ఫోటో తీసి చూపించాడు. తర్వాత ఇంకోటి.

నీళ్ల డ్రమ్ముల దగ్గర ఒకబ్బాయి మా వాడికి గ్లాసు నింపి ఇచ్చాడు. గట్టు తమ్ముడూ, అది మీ తమ్ముడేనా అని అడగాలనిపించింది, జనంలో కుదర్లేదు.

ఇంటికొచ్చాక నేరుగా ఖాలా దగ్గరికి వెళ్లాం. ఆమె కోసం దాచిన రొట్టె ముక్క ఇచ్చింది అమ్మ. ఖాలా ముందు అడిగింది రొట్టె గురించి కాదు. "ఎవరికిచ్చావు?" అంది. అమ్మ ఆ అమ్మాయి గురించి చెప్తుంటే మంచం మీద లేచి కూర్చుంది.

స్వర్ణాల గట్టు, ఆదివారం రాత్రి 9:25

అల్హమ్‌దులిల్లా. బాబుకు నీళ్లిచ్చినవాడు నీలం చొక్కా, సన్నగడ్డం అయితే మా తమ్ముడే. ఖాలాకు నా సలాం చెప్పండి అక్కా.

కొత్త సభ్యురాలు, సోమవారం ఉదయం 7:10

ఇప్పుడే మొత్తం చదివాను. మా చెల్లికి ఉద్యోగ రొట్టె కావాలి. మాది శ్రీకాకుళం. వచ్చే ఏడు పండుగ ఎప్పుడో ఎవరైనా చెప్పగలరా? ఒంటరిగా రావచ్చా?

స్వర్ణాల గట్టు, సోమవారం ఉదయం 7:35

మొహర్రం నెలలోనే చెల్లెమ్మా, నెలవంకను బట్టి ఉంటుంది. ఏటా మన క్యాలెండర్లో పది పదకొండు రోజులు ముందుగానే వస్తుంది. తేదీలు తెలియగానే ఇక్కడే రాస్తాను. ఒంటరిగా రావచ్చు, రైలు దిగి ఆటో ఎక్కితే చాలు. కాస్త దూరంలోనే దిగి నడవాల్సి ఉంటుంది. ఒక చేతిరుమాలు తెచ్చుకోండి, తడి చీర మార్చుకోవడానికి ఇంకో చీర కూడా.

పెన్నా ఒడ్డు, సోమవారం ఉదయం 8:00

శ్రీకాకుళం చెల్లీ, ముందురోజు ఒంగోలులో దిగు. మా ఇంట్లో పడుకుని ఉదయం మాతో వద్దువుగాని. వచ్చే ఏడు ఖాలా కూడా వస్తానంటోంది.